పొద్దున గుడికి, మధ్యాహ్నం ఆటుకి: మాలిబు యాత్ర

"ఆటుపోట్లు" అన్న మాట మన పిల్లల్లో చాలామంది వినలేదు. విన్నవాళ్ళు కూడా "జీవితంలో ఆటుపోట్లు" అని పెద్దవాళ్ళ నోట విన్నదే. ఆటు అంటే సముద్రం వెనక్కి తగ్గడం, పోటు అంటే పొంగి ముందుకు రావడం. దీన్ని కళ్ళతో చూపించే వీలు లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల బడులకి ఉంది. మాలిబు వేంకటేశ్వరస్వామి గుడికి పిల్లల్ని ఎలాగూ తీసుకెళ్తుంటాం కదా, అదే రోజు తీరానికి కూడా వెళ్ళొచ్చు. తేదీ ఒక్కటి సరిగ్గా ఎంచుకోవాలి.

పేరుకి మాలిబు గుడి అంటాం గానీ, 1981 నాటి ఈ గుడి ఉన్నది కాలబాసస్‌లో, సాంటా మోనికా కొండల నడుమ. అక్కడి నుంచి మాలిబు కాన్యన్ దారిలో దిగితే సముద్రం వస్తుంది. కుడి చేతివైపు తిరిగి తీరం వెంట పోతే లియో కరీయో స్టేట్ పార్క్. నీళ్ళు తగ్గినప్పుడు అక్కడి రాళ్ళ మధ్య మడుగులు బయటపడతాయి. మాలిబు అన్న పేరు ఆ నేల మీద ముందు నుంచి ఉన్న చుమాష్ ప్రజల మాట "హుమలివో" నుంచి వచ్చింది. అలల హోరు గట్టిగా వినిపించే చోటు అని దాని అర్థం. ఈ మాట బస్సులోనే చెప్పండి.

ఇక తేదీ. అమావాస్యకి, పౌర్ణమికి సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరుసలో ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లోనూ, తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు ఎక్కువ, ఆటు కూడా ఎక్కువే. అంటే మనింట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండరే సగం పని చేసిపెడుతుంది. మిగతా సగానికి నోవా వారి సాంటా మోనికా పట్టిక చూడాలి. సున్నా కంటే తక్కువ, అంటే మైనస్ అంకె ఉన్న రోజు మంచిది. దక్షిణ కాలిఫోర్నియాలో ఇంకో తిరకాసుంది. రోజుకి రెండు ఆటులొస్తాయి గానీ రెండూ సమానం కావు. పెద్ద ఆటు వేసవిలో తెల్లవారుజామున పడుతుంది, చలికాలంలో మధ్యాహ్నం పడుతుంది. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. కార్తీక పౌర్ణమికి దగ్గరి శనివారమైతే మరీ బావుంటుంది. ఆ పౌర్ణమికి బాపట్ల దగ్గర సూర్యలంకలో, బందరు దగ్గర మంగినపూడిలో జనం సముద్రస్నానానికి వెళ్తారు. ఆ వైపు నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఎవరైనా ఉంటే వెంట రమ్మనండి, పిల్లలకి మనకన్నా బాగా చెప్తారు.

గుడిలో పెద్ద కార్యక్రమం పెట్టొద్దు, గంటన్నర చాలు. ఒక్క పని మాత్రం పిల్లలే చెయ్యాలి. అర్చన చేయించేటప్పుడు గోత్రం, నక్షత్రం, పేరు వాళ్ళ నోటితో వాళ్ళే పూజారిగారికి చెప్పాలి. వెనక నుంచి అమ్మానాన్నలు అందించకూడదు. ముందు వారమే తరగతిలో సాధన చేయించండి. పొద్దున పలికిన "నక్షత్రం" మధ్యాహ్నం ఇంకో రూపంలో ఎదురవుతుంది.

ఆటు పట్టికలో ఉన్న వేళకి ఓ గంట ముందే తీరం చేరాలి. నీళ్ళు తగ్గుతున్నప్పుడు చూడటం మొదలుపెట్టి, మళ్ళీ పెరగడం మొదలవగానే వెనక్కి వచ్చెయ్యాలి. జారని పాత బూట్లు వేయించండి, ఆకుపచ్చ నాచు మీద ఎంత పెద్దవాళ్ళయినా జారతారు. సముద్రానికి ఎవరూ వీపు పెట్టకూడదు. నలుగురు పిల్లలకి ఒక పెద్ద మనిషి ఉండాలి. వాన పడితే వాయిదా వెయ్యండి. వాన తర్వాత 72 గంటలు సముద్రపు నీళ్ళలో దిగొద్దని కౌంటీ ఆరోగ్యశాఖే చెప్తుంది, పైగా కొండ చరియలు విరిగి దారులు మూసేస్తుంటారు.

రాళ్ళ మీద తడిగా, గులకరాళ్ళు అతికించినట్టు కనపడే మెత్తటి ముద్దల్ని పిల్లలు రాయే అనుకుని తొక్కేస్తారు. అవి సీ అనిమోన్లు. నీళ్ళు పోయాక ఎండిపోకుండా ముడుచుకుని, ఒంటికి గవ్వముక్కలు అంటించుకుని ఉంటాయి. మడుగులో ఉన్నవి పువ్వులా విచ్చుకుని కనిపిస్తాయి. రెండూ ఒకటేనని చూపించాక మీరు చెప్పకుండానే అడుగు చూసి వేస్తారు.

నక్షత్ర చేప కనపడితే (అది చేప కాదని కూడా చెప్పండి) వేలితో తాకడం కూడా వద్దు, పీకితే దాని కాళ్ళు తెగుతాయి. 1963లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త వాషింగ్టన్ తీరంలో ఒక రాతి మీంచి ఈ నక్షత్ర చేపల్ని తీసేస్తూ వచ్చాడు. వాటిని తినేది లేకపోయేసరికి ఆల్చిప్పలు రాయంతా ఆక్రమించాయి. అక్కడ 15 రకాల ప్రాణులుండేవి, 8 అయ్యాయి. 2013 నుంచి ఒక జబ్బు ఈ తీరం పొడవునా లెక్కలేనన్ని నక్షత్ర చేపల్ని చంపింది. కాబట్టి ఒక్కటీ కనపడకపోవచ్చు, పిల్లలకి ఆ సంగతి ముందే చెప్పండి.

ఖాళీ గవ్వ కూడా జేబులో వేసుకోవద్దు. సన్యాసి పీత ఒళ్ళు పెరిగిన కొద్దీ పెద్ద గవ్వలోకి ఇల్లు మారుతుంది, ఆ గవ్వ దానికి కావాలి. గుడి నుంచి తెచ్చిన పూలు, కొబ్బరిచిప్పలు నీళ్ళలో వదలాలని ఎవరైనా పెద్దవాళ్ళు అంటే, మర్యాదగానే వద్దనండి. చిన్న మడుగులో అవి కుళ్ళితే అందులోవి చస్తాయి.

భాష మాటకొస్తే, మడుగు దగ్గర విభక్తులు నేర్పినంత తేలిగ్గా నల్లబల్ల దగ్గర నేర్పలేం. "పీత రాయి అండర్ ఉంది" అనే పిల్లాడికి "రాయి కింద", "నాచు లోపల", "అంచు మీద", "రెండు రాళ్ళ మధ్య" అన్నీ అవసరం పడతాయి, ఎందుకంటే పక్కవాడికి ఆ పీత కనపడాలి. నత్త, పీత, గవ్వ, ఆల్చిప్ప, నాచు ముందే నేర్పండి. రాయలసీమ, తెలంగాణ ఇళ్ళ పిల్లలు ఎండ్రకాయ, ఎండ్రికాయ అంటే సరిదిద్దకండి, అవీ రాయించండి. అనిమోన్ లాంటివాటికి తెలుగు పేరు వెతుక్కుంటూ కూర్చోవద్దు, పిల్లల్నే ఒకటి పెట్టమనండి.

మరుసటి వారం తరగతిలో ఆ నెల పట్టికని తిథుల పక్కన రాయించండి. ఆటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని వాళ్ళే పట్టుకుంటారు. వచ్చే యాత్రకి తేదీ చూసే పని పెద్ద తరగతి వాళ్ళకి అప్పజెప్పండి.