గంటన్నర గగనయానానికి పైతరగతి టికెట్టా?

ఖరగ్‌పూర్: వేసవి సెలవులు ముగింపుకు వచ్చేసరికి విశాఖపట్నం, విజయనగరం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లలో హౌరా వైపు వెళ్ళే రైళ్ళ కోసం పెట్టెలు, బుట్టలు, జాడీలతో కుటుంబాలు బారులు తీరుతాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, ప్రత్యేకించి ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలలో తరాలుగా స్థిరపడిన తెలుగువారికి ‘ఊరు వెళ్ళడం’ అంటే ఉత్తరాంధ్రకు వెళ్ళడం, ‘ఇంటికి రావడం’ అంటే ఖరగ్‌పూర్‌కు తిరిగి రావడం. ఈ తిరుగు ప్రయాణం ఒకప్పుడు రైలుకే పరిమితం. ఇప్పుడు చేతిలో నాలుగు డబ్బులున్న కుటుంబాలు విమానం వైపు, వాటిలో కొన్ని విమానంలోని పైతరగతి వైపు కూడా చూస్తున్నాయి. గంటన్నర పాటు కూర్చునే సీటుకు ఎకానమీ చార్జీకి రెండు మూడు రెట్లు చెల్లించడం సబబేనా అన్న ప్రశ్నకు రైల్వే కుటుంబం చెప్పే జవాబు ఇతరుల జవాబులా ఉండదు. ఎందుకంటే ప్రయాణంలో తరగతి అనేది ఈ కుటుంబాలకు డబ్బుతో కొనుక్కునే వస్తువుగా ఎన్నడూ పరిచయం కాలేదు. అది ఉద్యోగంతో వచ్చిన హోదా.

తెలుగువారు ఇంత దూరం రావడానికి కారణం రైలు మార్గమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, భారీ వర్క్‌షాపు కేంద్రంగా తీర్చిదిద్దింది. కటక్ నుంచి విజయనగరం వైపు సాగే తూర్పు తీర రైలు మార్గపు ఉత్తర భాగం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చింది. దానితో నాటి విశాఖపట్నం జిల్లా పల్లెలకూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ యజమాని ఒక్కరే అయ్యారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా ఈ బంధం తెగలేదు. వాల్తేరు డివిజన్ 2003లో తూర్పు కోస్తా రైల్వేకు మారేవరకు ఖరగ్‌పూర్, వాల్తేరు ఒకే జోన్‌లో ఉండేవి.

ఉద్యోగంతో పాటు పాస్ వచ్చింది. అయిదేళ్ళ సర్వీసు నిండిన నాన్ గెజిటెడ్ ఉద్యోగికి ఏడాదికి మూడు సెట్లు, గెజిటెడ్ అధికారికి ఆరు సెట్లు ఉచిత పాస్‌లు లభిస్తాయి. సెట్ అంటే రాకపోకలు రెండూ. ఇవి చాలకపోతే మూడో వంతు చార్జీతో ప్రయాణించేందుకు పి.టి.ఓ.లు ఉన్నాయి. ఏ ఉద్యోగి ఏ తరగతిలో ఎక్కాలో అతని జీతపు స్థాయే నిర్ణయిస్తుంది. క్వార్టరు రకం కూడా అంతే. కాబట్టి పక్కింటివారు ఏ బోగీలో ఊరికి వెళ్ళారో తెలిస్తే చాలు, వారి ఇంటి పెద్ద ఏ స్కేలులో ఉన్నారో కాలనీలో చెప్పగలిగేవారు. పదోన్నతి వచ్చి పాస్ తరగతి మారడం ఇంట్లో పండుగ. దేశంలో 1974లో మూడో తరగతి రద్దయినా, 1993లో ఎ.సి. త్రీటైర్ బోగీలు వచ్చినా తరగతికీ స్థాయికీ ఉన్న ఈ ముడి మాత్రం విడిపోలేదు. 2020 నుంచి కాగితపు పాస్ స్థానంలో ఎలక్ట్రానిక్ పాస్ వచ్చింది. అర్హత సూత్రం పాతదే.

ఇటువంటి ఇంట్లో పుట్టి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో స్థిరపడిన కొడుకు, మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులకు బిజినెస్ క్లాస్ టికెట్ కొంటానని అంటే తండ్రికి ముందు కలిగేది సంతోషం కాదు, సంకోచం. ‘మనకు అర్హత ఉందా’ అన్నది ఆయన అలవాటుగా వేసుకునే ప్రశ్న. విమానంలో అర్హతను అడిగేవారు లేరు. డబ్బు మాత్రమే అడుగుతారు. ఆ డబ్బుకు దక్కేదేమిటన్నది లెక్క వేసి చూడవలసిన విషయం.

ముందు దూరం సంగతి. ఖరగ్‌పూర్‌లో సాధారణ ప్రయాణికుల విమానాశ్రయం లేదు. పక్కనున్న కలైకుండా వైమానిక దళ స్థావరం. అందువల్ల విశాఖపట్నంలో విమానం ఎక్కినవారు కోల్‌కతాలో దిగి, అక్కడి నుంచి హౌరా చేరుకుని, 115 కిలోమీటర్లు వెనక్కి లోకల్ రైలులో రావాలి. విమానంలో గడిపేది గంటన్నర. బయలుదేరే ముందు రెండు గంటలు, దిగాక సామాను కోసం ముప్పావుగంట, కోల్‌కతా దాటడానికి గంటకు పైగా, లోకల్ రైలులో రెండున్నర గంటలు కలిపితే మొత్తం ఎనిమిది గంటలకు తగ్గదు. కోరమాండల్ వంటి ఎక్స్‌ప్రెస్ విశాఖ నుంచి ఖరగ్‌పూర్‌కు అటూ ఇటూగా పన్నెండు గంటలు తీసుకుంటుంది. అయితే అది రాత్రి ప్రయాణం, పడుకుని చేసే ప్రయాణం, పైగా నేరుగా సొంత ఊరి ప్లాట్‌ఫారం మీద దింపుతుంది. ఎనిమిది గంటలలో గంటన్నర మాత్రమే ఆ ఖరీదైన సీటులో గడుస్తుందన్నది గమనార్హం. లోకల్ రైలులో బిజినెస్ క్లాస్ లేదు.

ఆ సీటు ఎందుకంత ఖరీదన్నది సులభంగానే అర్థమవుతుంది. చిన్న విమానాల ఎకానమీలో నడవాకు అటు మూడు, ఇటు మూడు సీట్లు ఉంటే పైతరగతిలో అటు రెండు, ఇటు రెండు ఉంటాయి. వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ. 2006 నుంచి ఎకానమీతోనే విమానాలు నడిపిన ఇండిగో 2024 నవంబరులో ఢిల్లీ-ముంబై మార్గంలో ‘స్ట్రెచ్’ పేరిట పైతరగతిని ప్రవేశపెట్టినప్పుడు, అంతకుముందు 232 సీట్లతో నడిపిన ఎ321 రకం విమానంలో 12 పెద్ద సీట్లు, 208 ఎకానమీ సీట్లు అమర్చింది. అంటే పన్నెండు మంది కూర్చునే చోటు కోసం ఇరవై నాలుగు మంది చోటు పోయింది. ఒక్కో పెద్ద సీటు కనీసం రెండు టికెట్ల డబ్బు రాబట్టకపోతే సంస్థకు నష్టమే. ఐరోపాలో అనేక సంస్థలు ఈ ఖర్చు కూడా పెట్టవు. అక్కడి స్వల్పదూర విమానాలలో బిజినెస్ క్లాస్ అంటే చాలావరకు ఎకానమీ సీటే, మధ్య సీటును ఖాళీగా వదిలేస్తారు. ఆ మాటకొస్తే మన దేశంలో పెద్ద సీటైనా దొరుకుతోంది!

పన్ను విషయంలో కూడా తేడా పెరిగింది. ఎకానమీ టికెట్‌పై జి.ఎస్.టి. 5 శాతం ఉండగా పైతరగతులపై 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి దానిని 18 శాతానికి పెంచారు. ఉదాహరణకు మూల చార్జీ 15 వేల రూపాయలైతే పన్ను 1,800 నుంచి 2,700 రూపాయలకు చేరింది. అయిదు వేల రూపాయల ఎకానమీ టికెట్‌పై అది 250 రూపాయలే. కంపెనీ ఖర్చుతో వెళ్ళేవారికి ఇది పట్టదు గాని, సెలవుల నుంచి సొంత డబ్బుతో తిరిగి వచ్చే కుటుంబానికి పట్టవలసిన లెక్కే.

ఇక సామాను. ఉత్తరాంధ్ర నుంచి వచ్చే కుటుంబం ఉత్త చేతులతో రాదు. పలాస జీడిపప్పు, మామిడి తాండ్ర, ఆవకాయ జాడీ, ఏడాదికి సరిపడా చింతపండు వెంట ఉంటాయి. రైలులో ఎ.సి. ఫస్ట్ క్లాస్ ప్రయాణికుడు 70 కిలోలు, స్లీపర్ ప్రయాణికుడు సైతం 40 కిలోలు ఉచితంగా తీసుకువెళ్ళవచ్చు. దేశీయ విమానాల ఎకానమీలో సాధారణంగా 15 కిలోలే. పైతరగతిలో ఇంతకంటే ఎక్కువ అనుమతిస్తారు గనుక ఈ ఒక్క అంశంలో దాని పలుకుబడి నిజమైనదే. ఆవకాయను మాత్రం ఏ తరగతి ప్రయాణికుడైనా పెద్ద పెట్టెలో వేయడమే మేలు. నూనె ఊరగాయలను చేతిసంచిలో అనుమతించకపోవచ్చు.

మిగిలిన సౌకర్యాలలో అధికభాగం నేల మీదివే: విడి క్యూ, విశ్రాంతి గది, సామాను ముందుగా అందడం. ఎక్కువసేపు నిలబడలేని వృద్ధులకు ఇవి విలువైనవి. కాని నడవలేనివారికి చక్రాల కుర్చీ సాయం ఏ తరగతి టికెట్‌కైనా లభిస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు. దానికోసమే పెద్ద టికెట్ కొనడం వృథా. కాళ్ళు చాపుకోవలసిన అవసరం ఉన్నవారికి ఎకానమీలోనే ముందు వరుస సీటు అదనపు రుసుముతో దొరుకుతుంది. పైగా సీట్లన్నీ ఎకానమీగానే ఉన్న విమానాలు దేశంలో అధికం. బిజినెస్ క్లాస్ కోసమే ఢిల్లీ మీదుగా చుట్టూ తిరిగి కోల్‌కతా చేరడం రాత్రి రైలు కంటే తెలివైన పని అనిపించుకోదు.

రైల్వే ఉద్యోగులకు మరో దారి 2018 మార్చిలో తెరుచుకుంది. అంతవరకు పాస్‌లున్న కారణంగా ఎల్.టి.సి. వర్తించని వీరికి, ఆ ఏడాది పాస్‌లను వదులుకుంటే నాలుగేళ్ళకోసారి అఖిల భారత ఎల్.టి.సి. వాడుకునే వీలు కల్పించారు. విమానం ఎక్కే అర్హత ఎవరికన్నది ఇక్కడ కూడా జీతపు స్థాయి మీదే ఆధారపడి ఉంటుంది. ఏటా రెండు మూడుసార్లు ఊరికి వెళ్ళే కుటుంబం పాస్‌లు వదులుకునే ముందు ఆలోచించక తప్పదు.

2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. జూన్ రెండో వారంలో హౌరా వైపు బెర్తులు కావలసిన పాస్‌దారులు ఏప్రిల్‌లోనే సిద్ధపడాలి. అప్పటికి దొరకనివారు విమానం వైపు చూసేసరికి సెలవుల రద్దీతో ఎకానమీ చార్జీలు కూడా పెరిగి ఉంటాయి. ఆ రోజుల్లో రెండు తరగతుల మధ్య తేడా తగ్గుతుంది. అమ్ముడుపోని పెద్ద సీట్లను ప్రయాణానికి ముందు కొంత తక్కువకు ఇచ్చే పద్ధతి కూడా కొన్ని సంస్థల్లో ఉంది. కోల్‌కతాలో దిగాక మెట్రోలో హౌరా చేరే వీలు 2025 ఆగస్టు నుంచి ఏర్పడింది, రెండు చోట్ల మారవలసి ఉన్నా.