ఇన్‌ఛార్జ్ సిస్టర్ పని డ్యూటీలు వెయ్యడమేనా?

వార్డును రాత్రింబవళ్లు నడిపించేది హెడ్ నర్సు, అంటే ఇన్‌ఛార్జ్ సిస్టర్. ఆమె పని గురించి రోగుల బంధువుల్లోనే కాదు, ఆస్పత్రి యాజమాన్యాల్లోనూ అపోహలున్నాయి.

అపోహ: డ్యూటీ చార్టు రాయడం గుమాస్తా పని.

వాస్తవం: ఆ చార్టు మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రులను నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పరిశీలించి 2002లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కో నర్సుకు ఒక రోగి అదనంగా పెరిగితే, ఆపరేషన్ అయినవారు నెలలోపు చనిపోయే ముప్పు సుమారు 7 శాతం ఎక్కువగా కనిపించింది. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం సాధారణ ఆస్పత్రిలో ఐదుగురికి ఒక నర్సు, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు ఉండాలి. సెలవుల కోసం 30 శాతం అదనం. అంతమంది లేనిచోట హెడ్ నర్సుకు అసలు పరీక్ష. వెంటిలేటర్ మీదున్న మనిషికీ రేపు డిశ్చార్జి అయ్యే మనిషికీ ఒకే లెక్క పనికిరాదు. నైట్ డ్యూటీలో ఇద్దరూ కొత్తవాళ్లే పడకుండా చూడాలి. ఐసీయూ నుంచి ఎవరిని కదపకూడదో తెలియాలి. మనుషులు చాలకపోతే ఆ మాట లెక్కలతో సహా సూపరింటెండెంట్ ముందు పెట్టాలి.

అపోహ: సర్వీసు ఉంటే చాలు, నాయకత్వం దానంతటదే వస్తుంది.

వాస్తవం: నిర్వాహకులకు కావలసిన నైపుణ్యాలను మేనేజ్‌మెంట్ నిపుణుడు రాబర్ట్ కట్జ్ 1955లోనే మూడుగా చెప్పాడు: పనితనం, మనుషులను కలుపుకుపోవడం, సంస్థ మొత్తాన్ని చూడగలగడం. సర్వీసు మొదటిదాన్ని ఇస్తుంది. మిగతా రెండూ నేర్చుకోవాలి. మందు మోతాదులో పొరపాటు జరిగిందని జూనియర్ నర్సు భయపడకుండా వచ్చి చెప్పగలిగితేనే రోగిని వెంటనే కాపాడుకోగలం. నలుగురిలో కేకలు వేసే వార్డులో ఆ పొరపాటు బయటికి రాదు. జూనియర్లు భయం లేకుండా నిజం చెప్పగలిగేలా వార్డును ఉంచడం కంటే, నా దృష్టిలో హెడ్ నర్సుకు మించిన అర్హత లేదు.

అపోహ: నర్సుకు లెక్కలూ కాగితాలూ ఎందుకు?

వాస్తవం: ఫ్లోరెన్స్ నైటింగేల్ అనగానే రాత్రివేళ రోగులను చూడటానికి ఆమె పట్టుకున్న దీపం గుర్తొస్తుంది. కానీ ఆమె పని అంతటితో ఆగలేదు. క్రిమియా యుద్ధ సమయంలో, 1854లో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారీ సైనికాసుపత్రికి వెళ్లిన ఆమె సరుకులు, వంట, ఉతికిన బట్టల ఏర్పాట్లు కూడా చూసింది. తర్వాత 1858లో మరణాల లెక్కలను బొమ్మగా గీసి, గాయాల కంటే నివారించదగ్గ జబ్బులే ఎక్కువమంది సైనికులను బలిగొన్నాయని బ్రిటిష్ ప్రభుత్వానికి చూపించింది.

ఆస్పత్రులు నడిపేవారికి ఒక్క విన్నపం. ప్రమోషన్ ఉత్తర్వుతోపాటే హెడ్ నర్సుకు శిక్షణ ఇవ్వండి, సిబ్బంది గురించి తేల్చే సమావేశంలో ఆమెకు కుర్చీ వెయ్యండి.