సాక్ష్యము – స్వస్థత



నేను నివసించు దబీర్‌పురాలో బీబీకా అలావా అను ఆశూర్‌ఖానా కలదు. ఏటేట మొహఱ్ఱము పదవనాఁడు అచ్చటినుండి బీబీ అలము ఊరేగింపుగా వెడలును. కర్బలా కథను మా వీథివారు నిన్న జరిగినదానివలెఁ జెప్పుకొని విలపింతురు. ఏడ్చి ఇల్లు చేరిన వృద్ధుల ముఖములందు ఒక తేట కనఁబడును. కథకు మనస్సును గడుగు శక్తి కలదని నాకు మొదట తోఁచినది అచ్చటనే. నేఁడు చెప్పఁబోవునది మాత్రము మన తెలుఁగు క్రైస్తవులనుగూర్చి.

వారి ఆరాధనలలో రెండు మాటలు తఱచుగా వినఁబడును: సాక్ష్యము, స్వస్థత. రెండును సంస్కృతపదములే. కన్నులారఁ జూచినవాఁడు సాక్షి. తనకు జరిగినదానిని నలుగురిలో లేచి చెప్పుట సాక్ష్యము. స్వస్థుఁడన తనయందు తాను నిలిచియున్నవాఁడు. ఈ వ్యుత్పత్తిని పెక్కేండ్లు పాఠము చెప్పితిని. అర్థమును నాకొక శిష్యుఁడు నేర్పెను.

కరవునాఁడు గంజికొఱకు మతము మారిరని ఒకమాఱు తరగతిలోఁ దేలికగా అంటిని. చివరి వరుసలోని బాలుఁడు తల వంచుకొనెను. మఱునాఁడు వచ్చి, "పంతులుగారూ, మా తాతకు తాత కాలువ త్రవ్వినాఁడండీ. బాప్తిస్మ మిమ్మంటే, కరవు తీరనిమ్మని దొర పంపివేసినాఁడఁట. నాయనమ్మ చెప్పినది" అనెను.

గ్రంథములు తిరుగవేసితిని. నాయనమ్మ మాటయే నిజము. 1876–78 నాఁటి కరవులో ఒంగోలునందలి అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ పనిలోఁ గొంతభాగమును గుత్తకుఁ దీసికొని వేలమందికిఁ గూలి కల్పించెను. కూటికై వచ్చిరను నింద రాకుండ ఒక సంవత్సరమునకుఁ బైగా ఎవ్వరికిని బాప్తిస్మ మీయలేదు. పిదప 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినముననే 2,222 మంది దానిని పొందిరి. ఆఁకలికిఁ బాలు లేదని నేననను. ఆపదలో ఆదుకొన్నవానిని నమ్ముట తప్పా?

వారు వట్టిచేతులతో వచ్చినవారును గారు. ఆ సీమ మాదిగలలోఁ దొలుత క్రైస్తవులైనవారిలో నొకఁడగు ఎఱ్ఱగుంట్ల పేరయ్య అంతకుమున్ను రాజయోగమును అభ్యసించి బోధించినవాఁడు. క్లౌగారి రెండవభార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అట్టివారి జీవితకథలను, కులగాథలను విని 1899లో ఆంగ్లమున ప్రకటించెను. మనము పెండ్లిలోఁ జూపు అరుంధతి వారికి ఇంటి ఆఁడుబిడ్డ! క్రొత్త నమ్మకములోనికి ఆ తల్లి గాథ వెంట వచ్చిన నష్టమేమో నాకుఁ దెలియదు.

కథ మందునకు బదులు కాదు. 1915లో డిచ్‌పల్లియందు వెలసిన కుష్ఠువైద్యాలయమున ఇసబెల్ కెర్ దొరసాని రోగులకు ప్రార్థనతోపాటు తైలపు సూదిమందును ఇప్పించెను. నేఁడు ఆ వ్యాధి మందులతోఁ బూర్తిగాఁ గుదురును. అయినను ఊరు వెలివేసినవానికి దేహము కుదిరినంతనే తనయందుఁ దాను నిలుచుట సాధ్యమా? నీవెవరి బిడ్డవో ఎవరైన చెప్పవలెను.

ఆ బాలుఁడు పెద్దవాఁడైన పిదప నన్నొకనాఁడు తన యింటికిఁ గొనిపోయెను. నాయనమ్మ మంచము పట్టియుండెను, ప్రక్కన మందుసీసాలు. మునిమనుమరాలికిఁ గాలువ కథ చెప్పుచుండెను. నాఁడు ఏటిలో మునిఁగినవారు పదివేలనియు, అందఱికంటె ముందు దిగినవాఁడు తన మామగారి తండ్రియే యనియుఁ జెప్పినది. చెప్పుచున్నంతసేపు దగ్గు రాలేదు. ముప్పది యేండ్లు తప్పులు దిద్దిన నా నోరు తెఱవఁబోయి, మూసికొంటిని.