పాత ఫొటోకి కొత్త మెరుగు... ముఖం మారకుండా!

ఆల్బంలో ఫొటోలు పసుపుపచ్చగా అయిపోయాయనీ, మరకలు పడ్డాయనీ బాధపడే సోదరీమణులు ఎందరో! ఒకప్పుడైతే వాటికోసం స్టూడియో చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పని చాలావరకు మన సెల్‌ఫోన్‌లోనే అయిపోతుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఓ గంట చాలు. ఇక్కడ నర్సీపట్నంలో చుట్టాలవీ, ఇరుగుపొరుగువారివీ ఎన్నో ఫొటోలు ఇలాగే బాగుచేశాను. ఇంటర్ చదివిన నాకే వచ్చిందంటే మీకు రాకపోవడమేమిటి?

ముందు ఫొటోని ఫోన్‌లోకి ఎక్కించాలి. స్కానర్ దొరికితే 600 డీపీఐలో స్కాన్ చేయించండి. లేదంటే వరండాలో, ఎండ నేరుగా పడనిచోట, ఫొటోని బల్లమీద పరిచి, ఫ్లాష్ లేకుండా సరిగ్గా పైనుంచి తీయండి. దుమ్ము ఉంటే మెత్తని పొడి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ మాత్రం వద్దు. ఫొటో పైపొర జెలటిన్, నీళ్ళు తగిలితే ఉబ్బి ఊడొస్తుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోని పీకకండి, అద్దంతోనే తీసుకోండి. మీ వెనక ఒకరిని నల్లదుప్పటి పట్టుకుని నిలబడమంటే అద్దంలో మెరుపులు పడవు.

ఇక మెరుగులు. నేను వాడేది స్నాప్‌సీడ్. ఉచితం. కంప్యూటర్ ఉన్నవాళ్ళకి గింప్ ఉంది, అదీ ఉచితమే. పసుపు తిరిగిన ఫొటోకి మొదట బ్లాక్ అండ్ వైట్ ఎఫెక్టు వేయండి, సగం రోగం అక్కడే కుదురుతుంది. తర్వాత కాంట్రాస్టు కొద్దిగా పెంచండి. మరకలకీ, గీతలకీ హీలింగ్ అని ఒకటుంటుంది. చిరిగిన చీరకి రఫ్ఫు చేయడం ఎలాగో ఇదీ అలాగే, పక్కనున్న చోటు తెచ్చి మరక మీద అతుకు వేస్తుంది. గోడమీద, చీరమీద ధైర్యంగా వాడండి. కళ్ళ దగ్గరా, పెదవుల దగ్గరా మాత్రం ఫొటోని బాగా పెద్దది చేసుకుని చుక్క చుక్కగా అద్దాలి.

పాతకాలపు గోధుమరంగు కావాలంటే సెపియా వేసుకోవచ్చు. నిజం సెపియాలో ఫొటోలోని వెండి, గంధకంతో కలిసి గోధుమరంగుకి తిరిగేది. మన వెండికుందులు నల్లబడేదీ గంధకం వల్లే! అలా చేసిన ఫొటోలు ఎక్కువకాలం నిలిచేవి. ఫోన్‌లోది ఉత్త రంగే అనుకోండి.

ఏ ఎఫెక్టయినా కూరలో ఉప్పులాంటిదే. వందదాకా లాగేయకుండా ఇరవై, ముప్పై దగ్గర ఆపి చూడండి. లంబసింగి మంచు ఫొటోలు బూడిదరంగుగా వచ్చాయని కాంట్రాస్టు ఎడాపెడా పెంచేస్తారు. అప్పుడది మంచులా ఉండదు, పొయ్యిలోంచి వచ్చిన పొగలా ఉంటుంది.

మెరుగులు దిద్దడం కొత్త కాదు. రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్‌లో 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. ఆ కాలంలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో, ప్రింటు మీద కుంచెతో దిద్దేవారు. 1957 నాటి మన 'మాయాబజార్'కి కంప్యూటర్ మీద రంగులద్ది 2010లో విడుదల చేశారు.

ఇప్పుడు ఒక్క నొక్కుతో రంగులేసే ఏఐ యాప్‌లు వచ్చాయి కదా, అక్కడే జాగ్రత్త. మా అత్తగారు పోయాక, ఓ పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి ఆవిడ ముఖం ఒక స్టూడియోలో పెద్దది చేయించాం. మచ్చలు లేవు, చామనచాయ లేదు, ఎవరో తెల్లటావిడ! "ఈవిడెవరు వదినా?" అంది మా ఆడపడుచు. చిన్న ముఖంలో లేని వివరాల్ని ఆ సాఫ్ట్‌వేరు తాను నేర్చుకున్న వేరే ముఖాల్లోంచి ఊహించి నింపుతుంది మరి. దండ వేసి దణ్ణం పెట్టేది అమ్మకా, ఆ ఊహకా? ముఖం కాస్త మసగ్గా ఉన్నా మన మనిషిదే ఉండనివ్వండి. పెళ్ళిచూపులకి పంపే అమ్మాయి ఫొటోకీ నా మాట ఇదే. వెలుతురు సరిచేయండి, రంగు మార్చకండి. రేపు గుమ్మంలోకి వచ్చేవాళ్ళు చూసేది ఫొటోని కాదు కదా!

చీర రంగులూ అంతే, యాప్ చెప్పేది ఊహే. రంగులు వేసేముందు ఆ చీర ఎరిగిన పిన్నినో, పెద్దమ్మనో అడగండి. ఈ పని వాళ్ళు ఉండగానే చేయాలి. మా పెద్దమ్మ అయితే ఫొటో చూడగానే "అది వంకాయరంగు పట్టే, జరీ అంచు సన్నం" అని చెప్పేసింది. యాప్ ఆకుపచ్చ వేసింది!

అసలు ఫొటోని చెరపకుండా మెరుగుపెట్టినది వేరే కాపీగా దాచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి. 8 బై 10 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 2400 బై 3000 పిక్సెళ్ళు ఉండాలి. ప్రింటు వచ్చాక వెనకవైపు మెత్తని పెన్సిల్‌తో పేరూ, ఊరూ, సంవత్సరమూ రాయండి. బాల్‌పెన్ను అచ్చు ముందువైపు తేలుతుంది.