గుర్రపుడెక్క తీయడానికి కాలువ పూడ్చాలా? – పైరసీ, చట్టం, స్వేచ్ఛ

మన స్టూడెంట్స్ యూనియన్ సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. కవిత్వం నాకు రాదు, కథ అంతకన్నా రాదు. అందుకని మన హాస్టల్ మెస్‌లో జరిగిన ఒక వాదులాట గురించే రాద్దామని నిశ్చయించుకున్నాను.

2025 నవంబరులో ఐబొమ్మ అనే సైటును నడుపుతున్నాడన్న అభియోగం మీద ఒక యువకుణ్ణి హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారు. ఆ రాత్రి మెస్‌లో సాంబారు చల్లారిపోయేదాకా వాదన నడిచింది. "పేదవాడికి సినిమా చూపించాడు, రాబిన్‌హుడ్డండీ" అన్నారు కొందరు. "దొంగ దొంగే" అన్నారు మరికొందరు. "అసలు ఇంటర్నెట్టుకు చట్టమేమిటి, గాలికి గేటు పెడతారా?" అన్నాడొక మిత్రుడు. నేను మాత్రం నోరు మెదపలేదు. కారణాలు రెండు. ఆ వారమే నా ఫోన్‌లో ఒక దొంగ సినిమా చూశాను, అది మొదటిది. మా మావయ్య ముప్పై ఏళ్ళపాటు రాజోలు దగ్గర ఒక సినిమా హాల్లో ఆపరేటరు, ఇది రెండవది.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట మావయ్య దగ్గర ఎత్తాను. ఆయన కోప్పడలేదు. "ఒరేయ్ అల్లుడూ, సినిమా అంటే తెరమీద కనపడే ఇద్దరే కాదురా. పెట్టె మోసేవాడు, గేటు దగ్గర టిక్కెట్టు చింపేవాడు, సైకిల్ స్టాండువాడు, సోడాలమ్మేవాడు, ఇంతమందీ ఆ దీపం కిందే బతికారు" అన్నాడు. ఆ హాలు ఇప్పుడు కల్యాణమండపం. దాన్ని పైరసీ ఒక్కటే ముంచిందని నేననను. టీవీ వచ్చింది, ఇంటికే సినిమా తెచ్చే ఓటీటీ వచ్చింది, టిక్కెట్టు రేట్ల మీద ప్రభుత్వానికీ పరిశ్రమకూ జగడం వచ్చింది. అయినా పైరసీ వాటా అందులో లేదని కూడా అనలేను. ఆ సిగ్గుతోనే ఈ విషయం కాస్త చదివాను. చదివింది మీ ముందుంచుతున్నాను.

రచయిత హక్కు అంటే ఏమిటి?

మనకున్న మూల చట్టం 1957 నాటి కాపీరైట్ చట్టం. 1958 జనవరి 21 నుండి అమలులోకి వచ్చింది. ముఖ్యంగా గమనించవలసిందేమిటంటే, ఈ చట్టం ఆలోచనకు కంచె వేయదు. ఆ ఆలోచనకు రచయిత ఇచ్చిన రూపానికి మాత్రమే రక్షణ ఇస్తుంది. ఇద్దరు స్నేహితులు ఒకే అమ్మాయిని ప్రేమించిన కథ ఎవరైనా రాసుకోవచ్చు. కాని మీరు రాసిన వాక్యాలు నా పేరుతో అచ్చువేసుకుంటే అది తప్పు.

రెండవ సంగతి, ఈ హక్కు శాశ్వతం కాదు. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు. మన గోదావరి రచయితలనే తీసుకోండి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు 1961లో కన్నుమూశారు. లెక్క ప్రకారం 2021 డిసెంబరు 31తో ఆ గడువు తీరింది. 2022 జనవరి 1 నుండి ఆయన కథలు మనందరి ఉమ్మడి ఆస్తి. ఎవరైనా అచ్చువేయవచ్చు, ఇంటర్నెట్టులో పెట్టవచ్చు. అదే మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్నగారు 2005లో వెళ్ళిపోయారు కనుక ఆయన రచనల మీద హక్కు 2065 చివరిదాకా వారి వారసులదే. అంటే చట్టం ఉద్దేశం తాళం వేసి తాళంచెవి పారెయ్యడం కాదు. కొంతకాలం రచయితకు అన్నం పెట్టి, ఆ తరువాత ఊరికి అప్పగించడం.

2012లో ఈ చట్టానికి చేసిన సవరణ వల్ల మరొక మేలు జరిగింది. సినిమా పాట రాసినవారూ, బాణీ కట్టినవారూ ఒకసారి డబ్బు పుచ్చుకుని హక్కులన్నీ రాసిచ్చేయడం అంతకుముందు మామూలు. ఇప్పుడు సినిమాతో కలిపి హాల్లో ఆడినప్పుడు తప్ప, ఆ పాట మరెక్కడ వాడినా వచ్చే రాయల్టీలో వారికి సమాన వాటా ఉంటుంది. వద్దని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. కనుక "కాపీరైట్ అంటే కోటీశ్వరుల గొడవ" అని కొట్టిపారేయడం సరికాదు.

దొంగ చెయ్యి ఎక్కడ పడుతుంది?

2013లో 'అత్తారింటికి దారేది' సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. విడుదల కాకముందే సినిమాలో సుమారు గంటన్నర భాగం బయటపడి, కృష్ణా జిల్లా పెడనలో సీడీలుగా అమ్ముడయింది. అది లోపలి మనిషి చేతినుంచే జారిందని పోలీసులు తేల్చారు. నిర్మాత అక్టోబరులో అనుకున్న విడుదలను సెప్టెంబరు 27కే జరుపుకోవలసి వచ్చింది. అదృష్టం బాగుండి జనం హాళ్ళకే వచ్చారు. అందరికీ ఆ అదృష్టం పడుతుందా?

సీడీల కాలంలో దొంగ సరుకు బస్సెక్కి రావాలి, బడ్డీకొట్లో కూర్చోవాలి. పోలీసుకు పట్టుకోవడానికి ఒక మనిషీ ఒక కొట్టూ దొరికేవి. ఇప్పుడలా కాదు. హాల్లో కెమెరాతో తీసినదో, ఓటీటీ నుంచి లాగినదో ఒక కాపీ ఏ విదేశంలోనో ఉన్న సర్వరులో కూర్చుంటుంది. ఒక పేరు మూసేస్తే గంటలో మరో పేరుతో తలుపు తెరుచుకుంటుంది. సినిమా ఉచితమే, కాని పక్కన బెట్టింగు ప్రకటనలు కనపడతాయి. పొరపాటున వేలు తగిలితే ఫోన్ సంగతి దేవుడెరుగు. అంటే "ఉచితం" అన్నచోట సరుకు సినిమా కాదు, మనమే!

ఇక శిక్షల విషయానికొస్తే, కాపీరైట్ చట్టం కింద ఆరు నెలల నుండి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో దొంగతనంగా చిత్రీకరించడాన్నీ, ఆ కాపీని లాభం కోసం చూపడాన్నీ ప్రత్యేక నేరాలుగా చేర్చారు. మూడు నెలల నుండి మూడేళ్ళ దాకా జైలు, 3 లక్షలకు తగ్గని జరిమానా. అది సినిమా నిర్మాణవ్యయంలో 5 శాతం దాకా పెరగవచ్చు. కాబట్టి మనకు చట్టం లేకపోవడమన్నది లేదు. అసలు చిక్కు ఆ చట్టాన్ని ఎట్లా వాడుతున్నారన్న దగ్గర మొదలవుతుంది.

తాళం పెద్దదైతే...

ఇక్కడే నాణేనికి రెండోవైపు చూడాలి. 2012లో ఒక తమిళ సినిమా కోసం మద్రాసు హైకోర్టు, పేరు తెలియని దొంగలమీద ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు ఏకంగా కొన్ని సైట్లకు సైట్లనే మూసేశాయి. అందులో కుర్రవాళ్ళు తాము తీసిన చిన్న సినిమాలు పెట్టుకునే విమియో కూడా ఉంది. ఒక దొంగ పుస్తకం దొరికిందని గ్రంథాలయానికి తాళం వేసినట్టయింది. తరువాత ఆ కోర్టే, దొంగ సరుకున్న పేజీని మాత్రమే ఆపండి, మొత్తం సైటును కాదు అని సవరించింది. 2017లో రెండు హిందీ సినిమాల కోసం మళ్ళీ ఇటువంటి ఉత్తర్వు వచ్చినప్పుడు, పాత పుస్తకాలనూ పాత వెబ్ పేజీలనూ భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా ఆ వలలో పడింది. మనం పరీక్షలకు వెతుక్కునే పాత తెలుగు పుస్తకాలెన్నో ఉన్నది అక్కడే.

"ఒక సైటు ఆగితే ఏం కొంప మునిగింది?" అని అడగొచ్చు. కోనసీమవాళ్ళం మేము ఆ ప్రశ్న అంత తేలిగ్గా అడగలేం. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయమై అల్లర్లు జరిగి, ఇళ్ళు తగలబడ్డాయి. పుకార్లు పాకకుండా మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. పైరసీకీ దీనికీ సంబంధం లేదు. ఆ రోజున అధికారులకున్న భయం అర్థం కానిదీ కాదు. కాని అది రోజుల తరబడి సాగింది. అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. మా వీధిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అన్న లాప్‌టాప్ చంకన పెట్టుకుని, అవతలి ఒడ్డు సిగ్నల్ తగులుతుందేమోనని గోదావరి గట్టు వెంబడి తిరిగేవాడు. కిరాణాకొట్లో ఫోనుతో డబ్బులిచ్చే వీలు లేదు. అల్లరి చేసినవాడూ, ఆ రోజు ఇంట్లోంచి కదలనివాడూ ఒకే శిక్ష అనుభవించారు. మూసివేత గుడ్డిది, మనిషిని చూడదు అన్న సంగతి నాకు పుస్తకం చెప్పలేదు, ఆ గట్టు చెప్పింది.

2020 జనవరిలో సుప్రీంకోర్టు కాశ్మీరు కేసులో ఇదే మాట చెప్పింది. ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకూ, వృత్తి చేసుకునే స్వేచ్ఛకూ రాజ్యాంగ రక్షణ ఉందనీ, ఆపితే కారణం చూపాలనీ, ఆ ఉత్తర్వులు ప్రకటించాలనీ, గడువు లేకుండా ఆపకూడదనీ తీర్పు ఇచ్చింది.

చిన్నవాడి గతి

పెద్దల సంగతి అలా ఉంచి, మా ఇంటి సంగతులు రెండు చెబుతాను.

మా చిన్నాన్నగారి అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. ఒక త్యాగరాజ కీర్తన పాడి ఒక వీడియో వేదిక మీద పెట్టింది. మర్నాటికల్లా శబ్దం ఆపేశారు. ఆ పాట ఫలానా ఆడియో కంపెనీ సొత్తని అక్కడి యంత్రం తేల్చిందట! త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందారు. ఆ కీర్తన ఏ కంపెనీ సొత్తూ కాదు. పాడిన గొంతు మా చెల్లెలిదే. "అన్నయ్యా, నేనేం దొంగతనం చేశాను?" అని ఏడ్చింది. జవాబు చెప్పడానికి అవతల మనిషి ఉంటేగా!

రెండోది. నా స్నేహితుడొకడు కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి, ప్రభలు పంటచేలల్లోంచీ కౌశిక దాటి వచ్చే దృశ్యాన్ని రోజంతా తీశాడు. వారం తిరక్కుండా ఎవరో అతని పేరు చెరిపేసి తమ పేరుతో పెట్టుకున్నారు. వాళ్ళకు లక్షల మంది చూపరులు, వీడికి కాళ్ళకు అంటిన బురద మిగిలింది. లాయరును పెట్టుకునే స్తోమత వీడికెక్కడిది?

చూశారా, ఒకే ఏర్పాటు తప్పు చేయని పిల్లను పట్టుకుంది, నష్టపోయిన కుర్రవాణ్ణి వదిలేసింది. కాబట్టి "చట్టం ఎక్కువైందా తక్కువైందా" అన్నది అసలు ప్రశ్న కాదు. అది ఎవరి చేతికి అందుతోంది, ఎవరి మాట వింటోంది అన్నది ప్రశ్న.

మధ్యేమార్గం ఉందా?

ఉందనే నా నమ్మకం. మన చట్టంలోనే దాని ఆనవాళ్ళున్నాయి.

ఒకటి: ఎదుటివాడి మాట వినాలి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తాత్కాలికంగా నిలవచేసే ఇంటర్నెట్ సంస్థ ఫిర్యాదు రాగానే ఆ లంకెను 21 రోజులు ఆపాలి. ఆలోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే మళ్ళీ తెరవవచ్చు. ఇది సబబైన పద్ధతి. 2015లో సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో, కోర్టు చెప్పినప్పుడో ప్రభుత్వం నోటీసిచ్చినప్పుడో తొలగించాలి గాని, ప్రతి ఫిర్యాదుకీ సంస్థలే జడ్జీలు కానక్కరలేదని చెప్పింది. 2023 నవంబరులో కేంద్రం పైరసీ ఫిర్యాదులు తీసుకోవడానికి 12 మంది అధికారులను నియమించి, 48 గంటల్లో చర్య అంది. వేగం మంచిదే. కాని ఏ పేజీని ఎందుకు మూశారో బయటకు చెప్పాలి, తప్పుగా మూస్తే తెరిపించుకునే దారి మామూలు మనిషికి కూడా ఉండాలి.

రెండు: దొంగ దుకాణానికీ, ఒక దొంగ సరుకు పొరపాటున చేరిన సంతకీ తేడా చూడాలి. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఈ తేడా చూపింది. సైటు పనంతా దొంగ సరుకేనని, యజమాని మొహం దాచుకున్నాడని, నోటీసులను లెక్కచేయలేదని తేలితే మొత్తం మూయవచ్చు. పేరు మార్చుకుని వస్తే ఆ కొత్త పేరును కూడా అదే ఉత్తర్వులో చేర్చవచ్చు.

మూడు: చదువుకు దారి వదలాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గర జిరాక్స్ కొట్టు మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణకర్తలు కేసు వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షానే నిలిచింది. పాఠానికి అవసరమైన భాగాలు కాపీ తీసి ఇవ్వడం తప్పు కాదంది. మన సీనియర్లు జిరాక్స్ నోట్సుతోనే పాసయ్యారు మరి!

నాలుగు: సరసమైన ధరకు సరుకు దొరకాలి. 2024 నవంబరులో కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అని మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందే ఏర్పాటు అది. పరిశోధనా పత్రికలకు చేసింది సినిమాకు చేయమని నేననను. కాని మొదటివారం టిక్కెట్టుకు ఒక కుటుంబం రోజుకూలీ అంతా పోసే పరిస్థితి ఉన్నంతకాలం, దొంగను రాబిన్‌హుడ్ అనేవాళ్ళు ఉంటూనే ఉంటారు. పరిశ్రమ పెద్దలు ఆలోచించవలసిన సంగతి ఇది.

చివరిమాట

మా కోనసీమలో కాలువల నిండా గుర్రపుడెక్క పడుతుంది. దాన్ని తీయకపోతే శివారు చేలకు నీరందదు. రచయితకు, గాయకుడికి, ఆపరేటరుకు అందవలసిన నీటిని పైరసీ అలాగే అడ్డుకుంటోంది. తీయవలసిందే. అలాగని డెక్క ఉందని కాలువనే పూడ్చుకుంటామా? దిగి, చేత్తో, అది ఉన్నచోటనే తీస్తాం. శ్రమ ఎక్కువే, కాని చేలు బతకాలంటే దారి అదొక్కటే.

మావయ్య దగ్గర సెలవు తీసుకుంటూ నా ఫోన్‌లోని ఆ సినిమా సంగతి ఒప్పేసుకున్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "సౌండు బాగుందేంట్రా అందులో?" అని అడిగాడు. బాగోలేదని చెప్పాను. "నేనైతే సౌండు బాగోకపోతే ఆట ఆపేసేవాణ్ణి" అన్నాడు. బస్సెక్కాక ఆ సినిమా తీసేశాను. ఇకమీద నెలకొక సినిమా అయినా టిక్కెట్టు కొనే చూడాలని నియమం పెట్టుకున్నాను. మిత్రులారా, మెస్‌లో వాదన మళ్ళీ వస్తుంది. ఈసారి నేను నోరు మూసుకుని కూర్చోను. మీరూ రండి.