మన లెక్కయు, దేవుని సంకల్పమును

మర్రిగూడ ప్రాంతమున సేద్యగాడు తొలకరికి దుక్కి దున్ని విత్తనము చల్లును. వాన యెంత కురియునో అతడెరుగడు. ఎరుగననుచు నాగలి విడిచి కూర్చుండడు. దేవుని సంకల్పమును నమ్ముట యనగా నిట్టిదేయని మేము తలంచుచున్నాము.

ఒంగోలు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారి చరిత్రము దీనికి నిదర్శనము. వారు యౌవనమున అమెరికాలో భూములు కొలుచు సర్వే పని నేర్చిరి. పిమ్మట దానిని విడిచి, సువార్తసేవకై 1866లో ఒంగోలు చేరిరి. ఆ విద్య వ్యర్థమైనదని యెవరైనను తలంపవచ్చును. అయితే 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరమైన కరవులో వారు బకింగ్‌హాం కాలువ పనిలో కొన్ని మైళ్ల భాగమును గుత్తకు దీసికొని, వేలాది బీదలకు కూలి కల్పించిరి. విడిచిన విద్యయే అక్కరకు వచ్చెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరన్న నింద కలుగకుండ, ఆ దినములలో బాప్తిస్మము లిచ్చుట మానిరి. తరువాత 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

కరవును దేవుడు ఇందుకొరకే పంపెనని చెప్పుటకు మాకు నోరు రాదు. ఆకలిచే మరణించినవారు లెక్కకు మిక్కిలి. మేము చెప్పునది యింతియే: తమ విద్య యెచ్చట వినియోగపడునో క్లౌగారు ముందుగా నెరుగరు, ఎదుటనున్న పనిని నమ్మకముగా చేసిరి.

బాలబాలికలారా, పరీక్షాఫల మేమగునోయని రాత్రులు కుములకుడు. నేటి పాఠమును నేడు చదువుడు. తలిదండ్రులారా, బిడ్డల బ్రదుకంతయు ముందే నిర్ణయించి యుంచకుడు. విత్తుట మన పాలు. వాన ప్రభువు పాలు.