ఇప్పించిన బాప్తిస్మం, తీసుకున్న బాప్తిస్మం

మా అమ్మ గుంటూరు లూథరన్. మా మామగారిది ఒంగోలు బాప్టిస్టు కుటుంబం. గుంటూరు నుంచి ఒంగోలు ఎంత దూరమో మాకు న్యూజెర్సీలో అమ్మాయి పుట్టాక గాని తెలిసిరాలేదు. "నెల దాటనివ్వకుండా బిడ్డకి బాప్తిస్మం ఇప్పించండిరా" అని అమ్మ ఫోను. "పసిబిడ్డకి బాప్తిస్మమేమిటి బాబూ, ఊహ తెలిశాక తనే తీసుకుంటుంది" అని ఆయన ఫోను. చదివే బైబిలు ఇద్దరిదీ ఒకటే.

క్రైస్తవేతరులైన మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు, "నీళ్ళు చల్లితేనేం, ముంచితేనేం?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ తగువు నీళ్ళ కొలత గురించి కాదు. అసలు తేడా ఆ రెండు ఫోన్లలోని క్రియాపదాల్లో ఉంది. లూథరన్లు బిడ్డకు బాప్తిస్మం "ఇప్పిస్తారు". బాప్టిస్టులు బాప్తిస్మం "తీసుకుంటారు". బాప్తిస్మంలో పని చేసేది ఎవరు, దేవుడా, మనిషా? పేచీ అంతా అక్కడే.

దేవుడే అంటారు లూథరన్లు. నీటితో కలిసిన వాక్యం ద్వారా ఆయన కృపను ఇస్తాడు. పుచ్చుకునేవాడికి తెలివి రాకపోతే మాత్రమేం, తల్లి పాలు తాగడానికి బిడ్డకు తెలివి కావాలా? కాథలిక్కులూ (వాళ్ళు దీన్ని జ్ఞానస్నానం అంటారు) పసిపిల్లలకే ఇస్తారు. ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు కూడా అంతే గాని, వాళ్ళు చెప్పే కారణం కొంచెం వేరు: పాత నిబంధనలో మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్నతి ఎలాగో, కొత్త నిబంధనలో ఇది అలాగ, కుటుంబం నిబంధనలో చేరిన గుర్తు. తూర్పు ఆర్థొడాక్సు వారిని చూస్తే మన లెక్కలన్నీ తారుమారవుతాయి. వాళ్ళు పసిబిడ్డనే తీసుకుని మూడుసార్లు నిండా ముంచుతారు!

బాప్టిస్టుల వాదన సూటిగా ఉంటుంది. ముందు విశ్వాసం, తర్వాత నీళ్ళు. కొత్త నిబంధనలో పసిబిడ్డకి బాప్తిస్మం ఇచ్చినట్టు ఒక్క వాక్యం చూపించమంటారు. ఫిలిప్పీ చెరసాల అధికారి "ఇంటివారందరితో" పొందాడు కదా, ఆ ఇంట్లో పిల్లలుండరా అని అవతలివాళ్ళు. ఉన్నట్టు రాయలేదుగా అని వీళ్ళు. ఈ సంభాషణ మా ఇంట్లో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. గ్రీకు మాటకు ముంచడమనే అర్థం, అందులో బాప్టిస్టులదే పైచేయి. అయితే డిడాకే అనే చాలా ప్రాచీనమైన క్రైస్తవ గ్రంథం, తగినన్ని నీళ్ళు లేకపోతే తలమీద మూడుసార్లు పోయవచ్చని అనుమతించింది. ఇక బాప్తిస్మం లేకుండా పాపక్షమాపణే లేదనే చర్చెస్ ఆఫ్ క్రైస్ట్, తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరున గాక యేసు నామంలోనే ఇవ్వాలనే ఒక శాఖ పెంతెకొస్తు వారు, అసలు నీళ్ళే అక్కర్లేదనే క్వేకర్లు, సాల్వేషన్ ఆర్మీ వారు - అందరూ ఈ దేశంలో మనకు ఇరుగుపొరుగే.

మరి గుంటూరుకో పద్ధతి, ఒంగోలుకో పద్ధతి ఎలా వచ్చాయి? ఇక్కడినుంచే వెళ్ళాయి. 1842లో హయ్యర్ అనే లూథరన్ పాస్టరును పెన్సిల్వేనియా వాళ్ళు పంపితే ఆయన గుంటూరు చేరాడు. అంతకు రెండేళ్ళ ముందే శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు నెల్లూరులో దిగాడు. ఆ మిషనే తర్వాత ఒంగోలుకు పాకింది. ఏ ఊరికి ఏ అమెరికన్ వచ్చాడన్నదాన్నిబట్టి మన తాతముత్తాతల సిద్ధాంతం నిర్ణయమయిపోయింది. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డప్పుడు కూడా మా రెండు వైపులవారూ బయటే ఉండిపోయారు.

ఒంగోలు వారికి బాప్తిస్మమంటే ఎందుకంత పట్టుదలో మా మామగారు 1878 కథ చెప్పాక అర్థమయింది. అప్పుడు ధాత కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంతభాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. బాప్తిస్మం కావాలని వేలమంది, ఎక్కువగా మాదిగలు, వచ్చి అడిగినా కరువు పనులు సాగినంత కాలం ఇవ్వలేదు. గంజి కోసం మునిగారన్న మాట రాకూడదని. పనులు ముగిశాక, జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందిని ముంచారు. ముంచినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్ళలో నిలబడ్డారు. యెరూషలేములో ఒక్కరోజే మూడువేలమందిని ముంచడం ఎలా సాధ్యమని అడిగేవారికి బాప్టిస్టులు ఈ లెక్క చూపిస్తారు. నాకు మాత్రం అందులో లెక్కకన్నా ఇంకొకటి కనబడుతుంది. ఊరి మంచినీళ్ళ బావిని ముట్టుకోనివ్వని మనుషులు, "నేను నమ్మాను" అని తమ నోటితో చెప్పి, నడిచి ఏట్లోకి దిగారు. "తీసుకున్నాం" అనే మాటకు ఆ బరువుంది.

ఈ పట్టింపు మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. హార్వర్డ్ మొట్టమొదటి అధ్యక్షుడు హెన్రీ డన్‌స్టర్ శిశు బాప్తిస్మాన్ని ఒప్పుకోనందుకు 1654లో పదవి వదులుకోవలసి వచ్చింది. మొన్న 2022లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఒక కాథలిక్ ఫాదరు ఏళ్ళ తరబడి "నేను" అనవలసిన చోట "మేము" అన్నాడని తేలి, ఆయన ఇచ్చిన వేలాది జ్ఞానస్నానాలు చెల్లవన్నారు. మరోవైపు 2013లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో కాథలిక్కులు, నాలుగు రిఫార్మ్‌డ్ సంఘాలవారు ఒకరి బాప్తిస్మాన్ని ఒకరు గుర్తిస్తామని సంతకాలు చేశారు.

మా ఇంటికి వస్తాను. అమ్మాయికి బాప్తిస్మం ఇప్పించలేదు. మా ఆవిడ వెళ్ళే బాప్టిస్టు చర్చిలో ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు. అమ్మ ఆ ఫొటోలు చూసి ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు కష్టమనిపించింది. తర్వాత అదే చర్చిలో నేనూ సభ్యుడిగా చేరతానంటే, ముంపు బాప్తిస్మం తీసుకోవాలన్నారు. బాప్టిస్టుల్లో ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిదే, కొన్నిచోట్ల ఈ నియమం లేదు. ఇక్కడ ఉంది. వాళ్ళ లెక్కలో అది రెండోసారి కాదు, మొదటిది బాప్తిస్మమే కాదు కాబట్టి. లూథరన్ల లెక్కలో రెండోసారి తీసుకోవడమంటే దేవుడు మొదటిసారి ఇచ్చిన మాటను కాదనడం. రెండూ వాటి వాటి తర్కంలో నిక్కచ్చిగా ఉన్నాయి, మధ్యేమార్గం లేదు.

ఈ సంగతి అమ్మకు చెప్తే ఒకటే అడిగింది. "అయితే నీ నెలలో నిన్ను ఎత్తుకుని గుడికి తీసికెళ్ళి నేను ఇప్పించింది ఏమిట్రా?"

అమ్మాయి పదిహేనో ఏట తనంతట తానే అడిగి బాప్తిస్మం తీసుకుంది. అమ్మ అప్పటికి ఇక్కడే ఉంది. ముందు వరసలో కూర్చుంది. పిల్ల నీళ్ళలోంచి లేవగానే తువాలు పట్టుకుని మా మామగారికన్నా ముందు తనే లేచి వెళ్ళింది. నేను ఇప్పటికీ ఆ చర్చికే వెళ్తున్నాను. సభ్యుల మీటింగులో నాకు ఓటు లేదు. చలికాలం పార్కింగ్ లాట్‌లో మంచు ఎత్తిపోసేవాళ్ళ జాబితాలో మాత్రం నా పేరుంటుంది.